గుర్రం మీద సీసం ఎందుకు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో బండలాగుడు పోటీల గురించి వ్రాస్తూ, పళ్ల లెక్కన ఎడ్లను విభాగాలు చేసే మన సీమ పద్ధతికీ, గుర్రప్పందేల్లో హ్యాండిక్యాప్ అని పిలిచే పద్ధతికీ దగ్గరి పోలిక ఉందని ఒక్క వాక్యంలో అన్నాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు గణాంక శాస్త్రం బోధించినవాణ్ని కనుక ఈ విషయం నాకు ఇష్టమైనదే. అందుకని ఈ సంచిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: బండలాగుడులో ఒక విభాగంలో దిగిన ఎడ్లన్నిటికీ ఒకటే బండ. ఎవరి జత ఎక్కువ అడుగులు లాగితే వారిదే బహుమతి. గుర్రప్పందేల్లో మాత్రం బాగా పరుగెత్తే గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారని వ్రాశారు. కష్టపడి గెలిచినదానికి శిక్ష వేయడం న్యాయమేనా? – ఒక రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆరు పళ్ల జతకు కట్టే బండను పాలపళ్ల కోడెలకు ఎవరూ కట్టరు. వయసును బట్టి బలం మారుతుందని ఒప్పుకొని, ఆ తేడాను బండ బరువులోనే ముందుగా సరిచేస్తాం. గుర్రప్పందేల్లో దీనికి సరిగ్గా సరిపోయేది వయసుకు తగ్గ బరువు అనే ఏర్పాటు. 19వ శతాబ్దం మధ్యకాలంలో ఇంగ్లండులో అడ్మిరల్ హెన్రీ రౌస్ అనే ఆయన, ఏ నెలలో, ఎంత దూరపు పందెంలో, మూడేళ్ల గుర్రానికి దానికంటే పెద్దవాటి కన్నా ఎంత బరువు తగ్గించాలో ఒక పట్టిక తయారు చేశాడు. కొద్దిపాటి సవరణలతో ఆ పట్టికే నేటికీ ఆధారంగా ఉంది. మనం ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాం. పందెపు గుర్రాలకు పుట్టుక రిజిస్టరు ఉంటుంది. మన దేశంలో అది ఏ తేదీన పుట్టినా జనవరి 1 రాగానే ఒక ఏడు పెరిగినట్టు లెక్క.

హ్యాండిక్యాప్ ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. వయసుతో ఆగకుండా, ఆ గుర్రం ఇంతవరకు చూపిన సత్తాకే ఒక అంకె కడుతుంది. ఆ అంకెను రేటింగ్ అంటారు, దాన్ని నిర్ణయించే అధికారిని హ్యాండిక్యాపర్ అంటారు. మన దేశంలో ఒక్కొక్క రేటింగ్ పాయింటుకు అర కిలో చొప్పున బరువు మారుతుంది. 45 రేటింగ్ ఉన్న గుర్రం 60 కిలోలు మోస్తున్న పందెంలో 30 రేటింగ్ గుర్రం 52.5 కిలోలు మోస్తుంది. ఈ బరువు అంటే జాకీ, జీను, తక్కువ పడితే జీను కింది సంచుల్లో పెట్టే సీసపు పలకలు, అన్నీ కలిపి. చాలా ఏళ్ల కిందట హైదరాబాదు మలక్‌పేట రేస్‌కోర్సులో మొదటిసారి పందేలు చూసినప్పుడు నా మనసుకు పట్టుకున్నది పరుగు కాదు, ఈ తూకమే. పట్టుచొక్కా తొడుక్కున్న సన్నటి కుర్రవాడు జీనును రెండు చేతులా ఒడిలో పెట్టుకొని కాటా మీద కూర్చున్నాడు, గుమాస్తా ముల్లు చూసి తల అడ్డంగా ఊపాడు, అరచేయంత సీసపు పలక ఒకటి సంచిలోకి పోయింది, మళ్లీ తూచారు. పందెం ముగిసి, చెమటతో, దుమ్ముతో తిరిగివచ్చిన ఆ కుర్రవాణ్ని అదే జీనుతో మళ్లీ కాటా ఎక్కించారు. దారిలో బరువు తగ్గిందని తేలితే గెలిచిన పందెం కూడా చేజారిపోతుంది.

ఇక న్యాయం మాట. ‘హ్యాండిక్యాప్’ అనే పదమే పంచాయితీ నుంచి పుట్టింది. పాతకాలపు ఇంగ్లండులో ఇద్దరు వస్తువులు మార్చుకొనేటప్పుడు ఒక మధ్యవర్తి ఎక్కువ తక్కువలు తేల్చి, తేడా ఇంత అని చెప్పేవాడు; ఒప్పుకొన్నదీ లేనిదీ టోపీలో చేయి పెట్టి తీసి తెలిపేవారు. ఆ మాట గుర్రాల్లోకి వచ్చింది. 1791లో ఆస్కాట్‌లో జరిగిన ఓట్లాండ్స్ పందెం పేరుమోసిన తొలి హ్యాండిక్యాప్‌లలో ఒకటి. ఏది గెలుస్తుందో ముందే తెలిసిన పందెంలో మిగిలిన గుర్రాల యజమానులు ఎందుకు దిగుతారు? మధ్యరకం గుర్రాలకు కూడా పని దొరికేది, వాటి సాయిసులకు కూడు దొరికేది ఈ తూకం వల్లనే. నిఖార్సయిన మేటి గుర్రం ఏదో తేల్చడానికి వేరే పందేలు ఉన్నాయి. డెర్బీలో మగగుర్రాలన్నీ ఒకే బరువు మోస్తాయి. ఆడగుర్రాలకు మాత్రం కొంత తగ్గింపు ఉంటుంది. కాబట్టి మేటి గుర్రానికి దక్కవలసిన గౌరవం దక్కుతూనే ఉంది. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటాలన్నది హ్యాండిక్యాపర్ ఆశయం. అది ఎన్నటికీ నెరవేరదని తెలిసి కూడా, ప్రతి వారం పందేలన్నీ మళ్లీ చూసి అంకెలు దిద్దే ఆ మనిషి పనిని నేను చాలా గొప్పగా చూస్తాను.

ప్రశ్న: అధికారి తూకం సరిగ్గా వేస్తే అన్ని గుర్రాలకూ సమానమైన అవకాశమే ఉండాలి కదా. అలాంటప్పుడు చూసేవాడు దేన్ని బట్టి అంచనా వేస్తాడు? రేసు పుస్తకం తెరిస్తే అంకెలు తప్ప ఏమీ అర్థం కాలేదు. – ఒక వ్యాపారి, తాడిపత్రి

జవాబు: సమానం కావు కనుకనే అంచనాకు చోటు ఉంది. హ్యాండిక్యాపర్‌కు తెలిసింది నిన్నటి వరకే. ఇవాళ గుర్రం ఒంట్లో ఎలా ఉంది, ఈ దూరం దానికి నప్పుతుందా, ఏ గేటు నుంచి బయలుదేరుతుంది, ముందు ఎవరు లాగుతారు అన్నవి ఆయన అంకెలో ఇమడవు. ఆయన వేసిన తూకానికీ ఇవాళ్టి నిజానికీ మధ్య ఉన్న సందును వెతకడమే చూసేవాడి పని. అమెరికాలో అయితే ఈ వెతుకులాటనే హ్యాండిక్యాపింగ్ అంటారు. మన దగ్గర ఆ మాట అధికారి తూకానికే వాడుక.

ఒక లెక్క వేసి చూపుతాను. 1200 మీటర్ల పందెంలో ఒక గుర్రం గెలిచింది. మన గుర్రం దానికి మూడు లెంగ్తుల వెనుక నాలుగో స్థానంలో వచ్చింది. లెంగ్తు అంటే గుర్రం ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉండే పొడవు, ఇంచుమించు ఎనిమిది అడుగులు. గెలిచినదానికి ఆరు పాయింట్లు పెంచారు, అంటే మూడు కిలోలు. మనదానికి రెండు పాయింట్లు తగ్గించారు, అంటే ఒక కిలో. నెల తరువాత అదే దూరానికి రెండూ మళ్లీ తలపడితే మనదానికి కలిసివచ్చేది నాలుగు కిలోలు. ఈ దూరంలో ఒక లెంగ్తుకు సుమారు కిలో పావు అని వాడుక లెక్క. మూడు లెంగ్తులకు మూడు ముప్పావు కిలోలు. కాగితం మీద చూస్తే మన గుర్రం ఒక వెంట్రుకవాసి ముందు ఉండాలి. దూరం పెరిగే కొద్దీ బరువు ఎక్కువ బాధిస్తుంది కనుక 1600 మీటర్లకు లెంగ్తుకు కిలో కంటే కొంచెం తక్కువ, 2400 మీటర్లకు దాదాపు అర కిలో పైచిలుకు చొప్పున లెక్క కడతారు.

కానీ ఆ మూడు లెంగ్తులు నిజమైనవేనా అన్నది అసలు ప్రశ్న. గెలుపు ఖాయమైన జాకీ చివరి వంద మీటర్లలో కళ్లెం బిగపట్టి ఉంటే, ఆ గుర్రం ఐదు లెంగ్తులతో గెలవగలిగి మూడుతో సరిపెట్టుకున్నట్టు. మన గుర్రమే మలుపు దగ్గర రెండు గుర్రాల నడుమ ఇరుక్కొని, దారి దొరికేసరికి ఆలస్యమై ఉంటే, అది నాలుగో స్థానం కంటే మెరుగైన గుర్రమే. అందుకే అంకెలు చదివేవాడు పాత పందేల వీడియోలు తప్పకుండా చూడాలి. గెలిచిన గుర్రాన్ని అందరూ చూస్తారు. అయిదో స్థానంలో వచ్చినదాన్ని చూడటం అలవాటు చేసుకోవాలి.

తరువాత పరుగు నడిచే తీరు. ముందుండి లాగే స్వభావం ఉన్న గుర్రం పందెంలో ఒక్కటే ఉంటే, దాన్ని ఎవరూ కదిలించక, తన ఊపిరి తాను దాచుకొని చివరిదాకా నిలుస్తుంది. అలాంటివి మూడు ఉంటే ఒకదానితో ఒకటి పోటీపడి, ఆఖరి మలుపుకే అలిసిపోయి, వెనుక ఓపికగా వచ్చినదానికి దారి ఇస్తాయి. గుర్రాలు అవే, తూకాలు అవే, ఫలితం మాత్రం తలకిందులు. నా మట్టుకు నేను రేటింగ్ కంటే ముందు దీన్నే చూస్తాను. వానాకాలంలో నేల మెత్తబడటం, బయటి గేటు పడటం, శిష్య జాకీలకు ఇచ్చే బరువు రాయితీ, కొత్తగా కట్టిన కళ్లగంతలు ఇవన్నీ రేసు పుస్తకంలోనే కనిపిస్తాయి. ఒకటి రెండు వారాలు చూస్తే అలవాటైపోతాయి.

పుస్తకంలో దొరకనిది పాడక్‌లో దొరుకుతుంది. పందానికి ముందు గుర్రాలను చుట్టూ నడిపించే చోటు అది. అక్కడ వెనుక డెక్క ఎక్కడ పడుతోందో చూడండి. ముందుకాలి గుర్తును దాటి పడుతుంటే నడక సాఫీగా ఉంది. దానికి పొట్టిగా పడుతుంటే నడుము బిగుసుకొని ఉంది. వెనుక తొడల నడుమ సబ్బు నురుగులా తెల్లటి చెమట కడితే, ఆ గుర్రం పరుగుకు ముందే తన బలాన్ని కంగారులో ఖర్చు చేస్తోందని అర్థం, అయితే ఎండ మండే రోజున అన్నీ చెమర్చుతాయి గనుక పక్కవాటితో పోల్చి చూడాలి. మన పెద్దలు పశువుల సంతలో జతను రెండుసార్లు నడిపించి, తోక కింద, గిట్టల సందున చూసి బేరానికి దిగేవారు. ఆ కన్ను ఉన్నవారికి పాడక్ కొత్త చోటేమీ కాదు.

ప్రశ్న: మన జిల్లాల్లో రేస్‌కోర్సు ఎందుకు లేదు? – కర్నూలు

జవాబు: మన జిల్లాల్లోనే కాదు, విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లోనే లేదు. మీకు దగ్గరిది హైదరాబాదు, అనంతపురం వారికి బెంగళూరు; రెండూ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాదులో నిజాముల కాలంలో మౌలాలిలో మొదలైన పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు తెచ్చాడు.

ప్రశ్న: నేను డేటా సైన్స్ చదువుతున్నాను. బరువు, దూరం, గేటు, జాకీ వంటి వివరాలన్నీ కంప్యూటర్‌కు ఇచ్చి గెలిచే గుర్రాన్ని చెప్పించలేమా? ఎవరైనా సాధించారా? – ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: సాధించినవారు ఉన్నారు. 1980లలో బిల్ బెంటర్ అనే అమెరికన్, అలన్ వుడ్స్‌తో కలిసి హాంకాంగ్‌కు వెళ్లి, ప్రతి గుర్రం గురించి పదుల కొద్దీ కొలతలు తీసుకొని, ఒక్కొక్కటి గెలిచే సంభావ్యతను కట్టే నమూనా తయారు చేశాడు. మొదట్లో డబ్బు పోగొట్టుకున్నాడు, తరువాత అపారంగా గడించాడు. తన పద్ధతిని 1994లో ఒక పరిశోధన వ్యాసంలో వివరించాడు. మీరు గమనించవలసిన విషయం ఆ వ్యాసంలోనే ఉంది: తన నమూనా ఒక్కదాన్నే నమ్ముకోకుండా, జనం పందాల వల్ల బోర్డు మీద ఏర్పడిన ధరను (గెలిస్తే రూపాయికి ఎంత వస్తుందన్న లెక్కను) కూడా అందులో కలిపాకే అది పనికివచ్చింది. వేలమంది కళ్లు చూసినది ఆ ధరలో ఉంటుంది. దాన్ని తీసిపారేసే నమూనా ఎంత తెలివైనదైనా సగం సమాచారంతో నడుస్తున్నట్టే.

‘గెలిచే గుర్రాన్ని చెప్పించలేమా’ అన్నారు. అడగవలసిన ప్రశ్న అది కాదు. అయిదు గుర్రాల పందెంలో బుకీ ఇచ్చే ధరలు రూపాయికి రూపాయిన్నర, రెండు, నాలుగు, ఆరు, పది అనుకోండి. ఏది గెలిచినా అసలుతో కలిపి చేతికి సరిగ్గా 100 రూపాయలు రావాలంటే వాటి మీద వరుసగా 40, 33.30, 20, 14.30, 9.10 రూపాయలు కాయాలి. మొత్తం 116.70. అంటే 100 తీసుకోవడానికి 116.70 చెల్లిస్తున్నారు. పైనున్న 16.70 ఎవరు ఎంత బాగా చదివినా ముందే పోయే సొమ్ము. దీన్ని దాటాలంటే గెలిచే గుర్రం తెలిస్తే చాలదు. దాని అసలు అవకాశం, ధర చెప్పే అవకాశం కంటే ఎంత ఎక్కువో తెలియాలి. 30 శాతం అవకాశమున్న గుర్రాన్ని రూపాయికి రెండు చొప్పున కాస్తే, తరచూ గెలుస్తూనే, దీర్ఘకాలంలో ప్రతి రూపాయికీ పది పైసలు పోగొట్టుకుంటారు. జనం ధరలో పదే పదే కనిపించే ఒక లోపం కూడా ఉంది. గెలిచే ఆశ తక్కువ ఉన్న గుర్రాల మీద జనం తగిన దానికంటే ఎక్కువ కాస్తారని రిచర్డ్ గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో చూపాడు. ఆ తరువాత చాలా దేశాల పందేల్లో ఇదే కనిపించింది.

మీరు నిజంగా నేర్చుకోదలిస్తే డబ్బు ముట్టకుండా ఇలా చేయండి. పందానికి ముందే ప్రతి గుర్రానికీ మీ అంచనా శాతం వ్రాసిపెట్టుకోండి. 20 శాతం ఇచ్చిన గుర్రాలు 200 పోగయ్యాక లెక్క చూడండి. 40 గెలవాలి. కానీ 29 గెలిచినా, 51 గెలిచినా అది కేవలం యాదృచ్ఛికం కావచ్చునని ద్విపద విభాజనం చెబుతుంది. ప్రామాణిక విచలనం, అంటే ఫలితం సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందన్న కొలత, ఇక్కడ దాదాపు 5.7. రెండు వందల పందేల తరువాత కూడా మీ నేర్పు ఎంతో గట్టిగా చెప్పలేకపోవడం ఈ విద్యలోని అసలు కష్టం. నా విద్యార్థులకు ఇదే పాఠం నాణెంతో చెప్పేవాణ్ని, వెంటనే మరిచిపోయేవారు. గుర్రాలతో చెప్పి ఉంటే గుర్తుండేదేమో.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం చేస్తున్నాడు. ఫోనులో ఎవరో పంపే ‘పక్కా’ గుర్రాల మీద డబ్బు కడుతున్నాడు. అడిగితే, ఇది జూదం కాదు, నైపుణ్యమని సుప్రీంకోర్టే చెప్పిందని వాదిస్తాడు. వరుసగా మూడుసార్లు వాళ్లు చెప్పిందే గెలిచిందని చూపిస్తాడు. నాకేమీ పాలుపోవడం లేదు. – ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మొదట ఆ మూడు గెలుపుల సంగతి చెబుతాను. ఎనిమిది గుర్రాల పందెం ఉందనుకోండి. ఎనిమిది వందల మందిని ఎనిమిది గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో గుర్రం ‘పక్కా’ అని పంపితే, వంద మందికి అది నిజమవుతుంది. మిగిలినవారిని వదిలేసి, ఆ వంద మందినే మళ్లీ ఎనిమిది గుంపులు చేస్తే పన్నెండు మందికి రెండోసారీ నిజమవుతుంది. మూడోసారికి ఒకరో ఇద్దరో మిగులుతారు. వాళ్ల కంటికి ఆ పంపేవాడు దేవుడే. పంపినవాడికి గుర్రం గురించి ఒక్క ముక్క కూడా తెలియనవసరం లేదు. మీ అబ్బాయికి ఇలాగే జరిగిందని నేను అనలేను, కానీ మూడు గెలుపులు దేనికీ రుజువు కావని కాగితం మీద వేసి చూపించండి. చదువుకున్నవాడు కనుక అర్థం చేసుకుంటాడు.

తీర్పు సంగతి. లక్ష్మణన్ కేసులో 1996 జనవరి 12న సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడినదని చెప్పిన మాట నిజమే. పై జవాబుల్లో నేను వివరించినది ఆ నైపుణ్యమే: గుర్రం జాతి, శిక్షణ, తూకం, దూరం చదివి అంచనా కట్టడం. ఎవరో పంపిన పేరు మీద డబ్బు కట్టడంలో ఆ నైపుణ్యం ఎక్కడుంది? పైగా 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం మినహాయింపు ఇచ్చింది లైసెన్సు ఉన్న రేస్‌కోర్సులో, అందుకు కేటాయించిన ఆవరణలో, పందెం జరిగే రోజున కాసే పందేలకే. ప్రొద్దుటూరులో కూర్చొని ఊరూ పేరూ లేనివాడికి ఫోనులో పంపే సొమ్ము ఆ మినహాయింపులోకి రాదు. ఎగ్గొడితే అడిగే దిక్కు ఉండదు.

సక్రమంగా కాసేవారికి కూడా బరువు తక్కువేమీ కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 40 శాతం, అదీ పందెం మొత్తం మీద. గెలిచిన సొమ్ముపై ఆదాయపు పన్ను 30 శాతం. పోయిన పందేలను అందులో నుంచి తీసివేసుకోనివ్వరు. ఏడాదంతా లెక్కవేస్తే నష్టపోయిన మనిషి కూడా గెలిచిన నాలుగు పందేలకు పన్ను కట్టవలసి వస్తుంది. ఏ హ్యాండిక్యాపర్ వేసే సీసమూ ఇంత బరువుండదు.

అతన్ని నలుగురిలో నిలదీయకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చొని, పందేలు వ్రాసుకొనే పుస్తకం చూపించమని అడగండి. నిజంగా ఈ విద్య మీద మక్కువ ఉన్నవాడు పోయిన ప్రతి పందాన్నీ తేదీతో, కారణంతో వ్రాసుకుంటాడు. ఎందుకంటే నేర్చుకొనేది అక్కడే. పుస్తకం ఉంటే అందులో మొత్తం కూడి చూడండి, ఇద్దరికీ పరిస్థితి తెలుస్తుంది. పుస్తకం లేకపోయినా, గెలుపులు మాత్రమే నోటికి వస్తున్నా, అప్పు చేసి కడుతున్నా, మానాలనుకొని మానలేకపోతున్నా అది అలవాటు దాటిపోయిందని గుర్తు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చికిత్స అవసరమైన రుగ్మతగానే గుర్తించింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే చేసి, అతనితో మాట ఎలా మొదలుపెట్టాలో అడగండి.